లైటు మీద అంటించిన వాక్యం

మేరీ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి ఈరోజుకి ఏడాది. మన అమ్మాయి రూతుకి నెలలు నిండాయి. కాన్పుకి ఇప్పుడే కారులో శ్రీకాకుళం ఆసుపత్రికి బయలుదేరాలి. కానీ స్టీరింగు వెనకాల ఇంజిను బాగోలేదని హెచ్చరించే లైటు ఆరడం లేదు. పాతపట్నం మెకానిక్ సెన్సారు మార్చి, కంప్యూటరు పెట్టి ఆర్పాడు. ఇంటికి చేరేలోగా మళ్లీ వెలిగింది.

"ఇంజినుకేటీ నేదు అయ్యగారూ, లైటే అబద్దమాడతన్నాది" అన్నాడు.

చర్చిలో ప్రసంగిస్తూ అబద్ధ ప్రవక్తల మీద అంతలేసి కేకలేసేవాణ్ణి, ఈ ఒక్కదాన్ని పోల్చుకోలేకపోతున్నాను. నడిదారిలో బండి ఆగిపోతే? పక్కన నువ్వూ లేవు.

రూతు బెదురుతుందని 'భయపడకుము' అన్న వాక్యం స్టిక్కరు ఆ లైటు మీద అంటించాను. కారెక్కగానే కనిపెట్టేసింది.

"దేవుడి మాటతో కప్పీసినావేటి నానా? అచ్చరాలెనకాల పసుప్పచ్చగా ఎలుగుతానే ఉన్నాది!"

"నీకోసమే తల్లీ."

"నాకేటి బయిం? వణుకుతన్నది నీ సెయ్యి" అని స్టిక్కరు పీకి నా కుడిచేతికి అతికించింది.

బైబిలు మరిచానని చెప్పి లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. బయట హారను కొడుతోంది. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది మేరీ, దానిమీద వాక్యంతో సహా.