పడటం నేర్చినవాళ్ళు

విజయరాణీ, ముందు ఈ ఒక్క మాటకు జవాబు చెప్పు, మిగతాది తరువాత చదువు. నడక నీకు మీ అవ్వ నేర్పింది. ఈత మీ అన్న నేర్పాడు. స్కూటీ నీ అంతట నువ్వే నేర్చుకున్నావు. మరి పడటం నీకు ఎవరు నేర్పారు?

ఎవరూ నేర్పలేదు కదా. నాకూ అంతే. అందుకే ఈ ఉత్తరం.

చిరంజీవి సౌభాగ్యవతి విజయరాణికి గంగరాజం దీవించి రాస్తున్నది. ఇక్కడ ఖతర్‌లో, బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో నేనూ, పక్క మంచం బుచ్చన్నా, పై మంచం సురేందరూ భగవంతుని దయవల్ల తిని, పండి, డ్యూటీకి పోయి వస్తున్నాం. అక్కడ నువ్వూ, మన బిడ్డ సుహాసినీ, ఈనబోయే బర్రే క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. “ఊరందరి ఉత్తరాలు నేనే పంచిన, నా పేరు మీద ఒక్కటి రాలే. ఫోన్ల నీ పురాణం వినుడే అయితుంది” అని దెప్పావు. ఇదిగో, వచ్చింది. పోస్టాఫీసులో ముద్ర కొట్టేటప్పుడే నా వంకర గీతలు గుర్తుపట్టి ఉంటావు.

నువ్వు అడిగినవాటికి చెప్తాను. మోకాలికి నూనె రాస్తున్నాను. మామిడికాయ తొక్కు సగం బుచ్చన్న తిన్నాడు, మిగతా సగం తాళం వేసి కాపాడుతున్నాను. శుక్రవారం పొద్దున గదిలో ప్రవచనం మానలేదు. జనం బాగానే వస్తారు, సగం మంది చివర పంచే పులిహోర కోసం. ‘కింద డ్యూటీ ఎట్లున్నది, ఏసీల కూసుంటున్నవా’ అని అడిగావు. దానికి కాసేపాగి చెప్తాను. ‘రాజీనామా రాసిచ్చెయ్యనా, ఎట్లాగూ నీ తమ్ముడు గజేందరే నా బదులు తిరుగుతున్నడు’ అని అడిగావు. దానికి చిట్టచివర.

కల్వర్టు మీద కంకరలో స్కూటీ జారి, పోస్టు సంచితో సహా నువ్వు వాగులో పడ్డ నాటి నుంచి చూస్తున్నాను. భుజం ఎముక అతుక్కుంది. బండి నడపొచ్చని డాక్టరు చెప్పాడు. నువ్వు మాత్రం బండి మీద దుప్పటి కప్పి పెట్టావు. దెబ్బకు కాదు నీ భయం, నాకు తెలుసు. “నవ్విండ్రు. పోస్టమ్మ వాగుల చేపలు పట్టిందన్నరు” అని నువ్వే చెప్పావు. నేను ఫోన్‌లో హనుమంతుడు సముద్రం దాటిన ఘట్టం ఎత్తుకుని ధైర్యం చెప్పబోతే, “పడ్డోళ్ళకు తెలుస్తది. నువ్వు పడలే గదా” అన్నావు. నెట్ పోయిందని చెప్పి ఫోన్ పెట్టేశాను. నెట్ పోలేదు.

ఇక అసలు సంగతి. నేను ఒక అద్భుతం చూశాను.

సురేందర్ ఫోన్‌లో కుస్తీలు చూస్తాడు. టీవీలో వచ్చే అమెరికా కుస్తీలు కాదు, జపానువి. అందులోనూ పెద్ద కంపెనీలవి కాదు. పల్లెల్లో, సంతల్లో, చేపల మార్కెట్ల పక్కన గుప్పెడు మంది ముందు పట్టేవి. వాటి మీద ఒక శుక్రవారం నేను మండిపడ్డాను. “ఎవడు గెలుస్తడో ముందే మాట్లాడుకొని పట్టేదాన్ని కుస్తీ అంటార్రా? అది మాయ! మాయకు చప్పట్లు కొట్టేటోడు మాయలనే మునుగుతడు!” అని మంచం కోడు మీద గుద్ది చెప్పాను.

సురేందర్ తల గోక్కున్నాడు. “స్వామీ, రామ రావణ యుద్ధంల ఎవలు గెలుస్తరో గూడ మనకు ముందే తెలుసు గదా. మరి మీరు చెప్తుంటె బుచ్చన్న ఎందుకు ఏడుస్తడు?”

అందరూ నవ్వారు. పురాణాలన్నీ నాలుక మీద పెట్టుకున్న నేను, ఆ పూటకు ప్రవచనం ముగించి, పులిహోర పంచేశాను.

కొన్నాళ్ళకు మా ఫోర్మన్ లియాఖత్ అలీ పిలిచాడు. పెషావర్ మనిషి, నన్ను పండిత్‌జీ అంటాడు. “పండిత్‌జీ, యల్లా! జపానీ పహిల్వాన్ ఆ రహే హై, రింగు కట్టాలె. మూడడుగుల ఎత్తే, డరో మత్” అన్నాడు. భయపడొద్దన్న ఆ చివరి మాట ఎందుకన్నాడో అది కూడా చెప్తాను, తొందరపడకు. నా వెంట బుచ్చన్ననూ సురేందర్‌నూ పంపాడు.

అల్ అజీజియా అనే పేటలో ఒక ఆటల హాలు. ఇనుప దూలాలు, నాలుగు మూలల స్తంభాలు, చెక్క పలకలు దింపి ఉన్నాయి. మేము పానాలు పట్టుకున్నామో లేదో ఒక వ్యాను వచ్చి ఆగింది. పహిల్వాన్లంటే భీముళ్ళు దిగుతారనుకున్నాను. ముందు దిగినవాడు మన కిరాణా శేఠులా ఉన్నాడు: కొంచెం పొట్ట, నెరిసిన తల, మోకాలికి పట్టీ. పేరు మినెగిషి. సోయా పాలు విరగ్గొట్టి పన్నీరులా చేసి అమ్ముకునే దుకాణం ఉందట. వారమంతా దుకాణం, ఆదివారం కుస్తీ. మాకు వంగి దండం పెట్టి, నా చేతిలో పానా అడిగి తీసుకుని దూలం కిందికి దూరాడు. అతని వెనుక మిగతా వాళ్ళందరూ, ఆడా మగా, చేతులు మడిచి పలకలు మోయడం మొదలుపెట్టారు.

బుచ్చన్న నోరు తెరిచాడు. “గంగన్నా, పెండ్లికొడుకే పందిరి ఏస్తుండేందే!”

ఆ చిన్న కంపెనీల పద్ధతే అదట. రింగు కట్టేది వాళ్ళే, కుర్చీలు వేసేది వాళ్ళే, పట్టు పట్టేది వాళ్ళే, అయ్యాక ఊడ్చేది వాళ్ళే.

పలకలు పరిచింది నేను. ఇది గుర్తు పెట్టుకో. ఇనుప దూలం, దాని మీద చెక్క పలక, దాని మీద వేలెడు మందం పరుపు, పైన గుడ్డ. అంతే. దూది లేదు, స్ప్రింగు లేదు. ఒక చోట బోల్టు సగమే తిప్పి వదిలాను. మినెగిషి పైన నడుస్తూ మడమతో కొట్టి చప్పుడు విన్నాడు, సరిగ్గా ఆ చోట కూర్చున్నాడు, నన్ను చూసి నవ్వి, తిప్పమని సైగ చేశాడు. తిప్పాను. లేచి నడుము వంచి నమస్కరించాడు. మీద పడబోయేవాడు కింద బిగించినవాడికి పెట్టిన నమస్కారం అది. ఎన్ని అంతస్తులకు స్కాఫోల్డింగ్ కట్టాను, దాని మీద నడిచినవాళ్ళెవరూ ఏనాడూ నా ముఖం చూడలేదు. మిగతా బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి తిప్పి చూశాను.

ఆ సాయంత్రం కుర్చీలు నిండలేదు. దోహాలో ఉండే జపాన్ కుటుంబాలు నాలుగైదు, కొందరు ఫిలిప్పీను వాళ్ళు. హాలు మేనేజరు మమ్మల్నే డ్యూటీ కవరాల్ బట్టలతోనే ముందు వరుసలో కూర్చోబెట్టాడు.

మొదట జెల్ల చేప వచ్చాడు. నిజం, ముఖానికి జెల్ల చేప మాస్కు, మీసాలు ఊగుతున్నాయి. వాళ్ళ ఊరి ఏటిలో దొరికే చేపట. ఊరి పేరు నిలపాలని వేసుకుంటాడట. బుచ్చన్న విరగబడి నవ్వాడు. ఆ జెల్ల చేప స్తంభం కొసన నిలబడి, గాలిలో వెనక్కి ఒక సుడి తిరిగి దూకేసరికి నవ్వు సగంలోనే ఆగింది.

తరువాత చియె. నీ అంతే ఎత్తు, నీ ఈడే. పగలు ఆసుపత్రిలో నర్సు. ఆమెను తనకు రెండింతలున్న ఇంకో ఆడమనిషి ఎత్తి పలకల మీద వేసింది. ఆ చప్పుడు! నేను పరిచిన పలకల చప్పుడు నాకు తెలియదా? నా వీపులో వినబడింది. మాయ అన్నాను కదా, ఆ మాట నా నోట్లోనే చచ్చింది. చియె లేచింది. ఆ పెద్దామె మళ్ళీ వేసింది. మళ్ళీ లేచింది. ‘ఓడిపోతావని నీకు ముందే తెలుసు కదమ్మా, ఎందుకు లేస్తున్నావు’ అని నా లోపల ఒకడు అరుస్తున్నాడు. పైకి మాత్రం నేను కుర్చీ ఎక్కి “లే బిడ్డా! లే!” అంటున్నాను. ఇంకొకటి చూశాను. ఎత్తి వేసే మనిషి అరచెయ్యి, వేసేటప్పుడు, పడే మనిషి మెడ కింద ఉంది. ఆకాశం నుంచి గంగ పడితే తల ఒగ్గి పట్టినవాడు గుర్తొచ్చాడు. పడేవాళ్ళకు పట్టేవాళ్ళుంటారు విజయరాణీ. దూరం నుంచి చూస్తే కొట్టినట్టే కనబడుతుంది.

చివర మినెగిషి ఓడిపోయాడు. దుకాణం మూసి విమానం ఎక్కినప్పుడే ఓడిపోతానని తెలిసినవాడు, ఒక్క ఊపిరి కూడా దాచుకోకుండా ఓడిపోయాడు. పని నీది, ఫలం నీది కాదని ఎన్ని శుక్రవారాలు గొంతు చించుకున్నాను! ఆ మాట చెమట కారుతూ, ఒక కాలు కుంటుతూ నా ముందు నిలబడింది. జపాన్ పిల్లలు రంగు కాగితాల చుట్టలు విసిరారు, గెలిచినవాడి మీద కాదు, అతని మీద. అన్నీ తానే ఏరుకుని పోగు చేశాడు. రింగు ఊడ్చేది తనే కదా మరి.

అప్పటి నుంచి డ్యూటీకి పోయే బస్సులో, వచ్చే బస్సులో సురేందర్ పక్కన కూర్చుని వాడి ఫోన్‌లో వాళ్ళనే చూస్తున్నాను. జెల్ల చేప చేపల మార్కెట్‌లో పట్టినది, చియె నడి వానలో పట్టినది, మినెగిషి బడి పిల్లల ముందు పట్టినది. ఒక్కొక్కటి చూసినవాళ్ళు మన ఊరి జనమంత కూడా లేరు. ఇంతటి విద్య ఇంత గుట్టుగా ఉందేమిటి తండ్రీ అని ఆశ్చర్యపోతున్నాను. సురేందర్ నీ ఫోన్‌కు పంపుతాడు. సుహాసినిని పక్కన కూర్చోబెట్టుకుని చూడు.

ఆ రోజు కుస్తీలయ్యాక మేము రింగు విప్పబోతుంటే, చియె ఆపి, పడటం నేర్చుకుంటారా అని నవ్వుతూ అడిగింది. ఆమె జపాను మాటను సురేందర్ ఫోన్ ఇంగ్లీషు చేస్తే, వాడు మన మాట చేశాడు. “స్వామీ, వీళ్ళు కొత్తగ వచ్చినోళ్ళకు నెలల తరబడి కొట్టుడు నేర్పరంట. పడుడే నేర్పుతరంట.” సురేందర్ పడ్డాడు. బుచ్చన్న పడ్డాడు, పడి పిల్లవాడిలా కేరింత కొట్టాడు. నా వంతు వచ్చింది. నేను మూల స్తంభం వదలలేదు.

ఇప్పుడు చెప్తాను. ఏసీ లేదు విజయరాణీ. ప్రమోషన్ కూడా లేదు. ఎండలు ముదరకముందు ఐదో అంతస్తులో కాలు జారి నేను పడ్డాను. నడుముకు కట్టిన తాడు పట్టుకుంది. గాలిలో వేలాడుతూ కిందున్న మనుషులను చూశాను, చీమలంత ఉన్నారు. ఒంటికి గీత పడలేదు. కానీ మరునాడు నిచ్చెన రెండో మెట్టు మీద కాళ్ళు కొయ్యబారాయి. దిగమంటే దిగలేను, ఎక్కమంటే ఎక్కలేను. లియాఖత్ అలీ నలుగురిలో ఒక్క మాట అనకుండా నన్ను స్టోరుకు మార్చాడు. నీకు ‘కింద డ్యూటీ ఇచ్చారు’ అని మాత్రం చెప్పాను. నువ్వు ప్రమోషన్ అనుకుని వాడకట్టంతా చక్కెర పంచావు. నేను నోరు మూసుకున్నాను. ప్రతి శుక్రవారం ధైర్యం మీద ఉరిమే నోరు ఇది!

ఆ రింగులో చియె నన్ను గొంతుక్కూర్చోబెట్టింది. వెనక్కి పడమంది. బిగుసుకుని పడ్డాను, తల అదిరింది. ఆమె నా గదుమ పట్టి ఛాతీకి ఆనించి, నా పొట్ట మీద వేలు పెట్టి చూపింది. సురేందర్ చెప్పాడు: “కండ్లు మూసుకోవద్దంట స్వామీ. బొడ్డు చూడాల్నంట. ఊపిరి ఇడిచిపెట్టాల్నంట.” మళ్ళీ పడ్డాను. మళ్ళీ. మళ్ళీ. ఎన్నోసారికో పలకలు నా వీపును కొట్టలేదు, అందుకున్నాయి. లేచి కూర్చుని ఏడ్చాను. మినెగిషి చప్పట్లు కొట్టాడు. హాలులో ఆ చప్పట్లు ఒక్కటే.

అప్పుడు గుర్తొచ్చింది. హనుమంతుడు దూకిన కథే నేను చెప్తూ వచ్చాను. చిన్ననాడు సూర్యుని కోసం ఎగిరి, వజ్రం దెబ్బకు దవడ పగిలి కొండ మీద పడ్డవాడు కూడా అతనే. ఆ పడ్డవాడే సముద్రం దాటాడు! ఇన్నేళ్ళు చెప్పి, సగం కథే చెప్పాను.

మొన్న సోమవారం లియాఖత్ అలీ దగ్గరికి పోయి, పైకి పంపమన్నాను.

“పక్కా?” అన్నాడు.

“పక్కా కాదు. పంపు” అన్నాను.

రెండో అంతస్తు దాకా ఎక్కాను. ఐదు కాదు, రెండే. బొడ్డు మీది బెల్టు చూసుకుని ఊపిరి వదిలాను. కింద నుంచి బుచ్చన్న “మినెగిషీ! మినెగిషీ!” అని అరుస్తున్నాడు, సైటు మొత్తం వాణ్ణి చూసి నవ్వుతోంది. నవ్వనీ అనిపించింది.

ఇక నీ చిట్టచివరి ప్రశ్న. ఈ ఉత్తరం వచ్చిన సంచిలోనే ఇంకో కవరు ఉంది, చూడు. కల్వర్టు అవతల గూడెంలో ఉండే బుచ్చన్న అక్క రాములవ్వది. వాణ్ణి పెంచిన మనిషి. అందులో జెల్ల చేప భుజం మీద చెయ్యేసి పళ్ళికిలించిన బుచ్చన్న ఫోటో ఉంది. గజేందర్ కల్వర్టు దాటడనీ, పింఛను ముసలివాళ్ళనే కాళ్ళీడ్చుకుని రమ్మంటాడనీ నువ్వే రాశావు. ఆ కవరు వాడి చేతికి ఇవ్వకు.

రాజీనామా కాగితం పక్కన పెట్టు. దుప్పటి తియ్యి. టైర్లలో గాలి చూడు, హెల్మెట్ పెట్టుకో. కంకర దగ్గర మెల్లగా పో. పక్కా కాదంటావా? నాకూ కాదు. పడతావా, పడు: గదుమ ఛాతీకి, కళ్ళు బొడ్డు మీద, ఊపిరి బయటికి. అన్నం తిన్నాక కాదు, ఎండ తగ్గాక కాదు, రేపు అసలే కాదు. ఈ కాగితం మడిచి సంచిలో వేసుకుని, రాములవ్వ వాకిట్లో దిగి, కవరు ఆమె చేతిలో పెట్టు. లే, విజయరాణీ. ఇవాళే, ఇప్పుడే లే.

ఇట్లు,
నీకంటే ముందే పడ్డ నీ పెనిమిటి,
సుహాసిని నాయిన,
గంగరాజం