నీళ్ల గిన్నెలోవి నువ్వులు కావు

ఏమండీ,

ఏటా నాగుల చవితికి దండం పెట్టుకునే పామును గాజు పెట్టెలో పెంచడం తప్పేమోనని ఆరేళ్లుగా నాకు అనుమానం. తప్పో ఒప్పో నాకు తెలియదు గానీ, పెంచుతున్నప్పుడు కళ్లు తెరిచి చూసుకోవాలి కదా!

మన పాము నూడుల్ నీళ్ల గిన్నెలో నల్లటి చుక్కలు కనిపిస్తే, "చవితికి నువ్వు పెట్టిన చిమ్మిలి రాలినట్టుంది" అని పది రోజులు ఊరుకుంటారా? మనింట్లో చిమ్మిలికి వాడేది తెల్ల నువ్వులండీ. పొద్దున నూడుల్‌ని పేపర్ టవల్‌తో తుడిస్తే ఆ నల్ల చుక్కలు నడిచాయి. అవి దాని రక్తం తాగే పురుగులు. అందుకే పాపం తిండి మానేసి రోజంతా నీళ్లలో పడి ఉంటోంది.

నేను డ్యూటీకి వెళ్తున్నాను. నూడుల్ గాలి కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. నాలుగింటికి పాముల డాక్టర్ అపాయింట్‌మెంట్. మీటింగ్ ఉందనకండి. ఈలోగా గాజు పెట్టెలోని చెక్కపొట్టంతా కవర్లో గట్టిగా కట్టి బయట చెత్తలో వేయండి. పెట్టెను వేడినీళ్లతో మూలమూలలా కడిగి, అడుగున తెల్ల పేపర్ టవల్స్ పరవండి. డాక్టర్ ఇచ్చే మందు తప్ప, సొంత తెలివితో వేపనూనె, పసుపు పూయకండి.

కాలేజీలో ఉన్న ఇషితకి ఫోన్ చేసి మీరే చెప్పండి. వెళ్తూ "జాగ్రత్త నాన్నా" అని అప్పగించింది మీకే.

వకుళ

ఇంకో మాట. తుడవడానికి పామును నేనే చేతుల్లోకి తీసుకున్నాను. "అమ్మా, ఒక్కసారి టచ్ చెయ్, ప్లీజ్" అని ఇషిత అడిగినప్పుడల్లా రేపు, రేపు అంటూ ఇన్నేళ్లు గడిపాను. ఆ బాకీ ఇవాళ తీర్చానని పిల్లకి చెప్పండి.