మూడో అధ్యాయంలో పోయిన అక్క

ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరునైన నేను, ఎక్కువ రోజులు లేవని డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పిన మీదట, బతికుండగానే, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. బతికుండగానే అని నొక్కి రాయించడానికి కారణం ఉంది. నా చెల్లెలు రాసిన నవలలో మూడో అధ్యాయానికే నేను జ్వరమొచ్చి చచ్చిపోయాను.

1. కుట్టుమిషను, కత్తెరలు, గుండీల డబ్బాలు నా దగ్గర పని నేర్చుకున్న బక్కపిల్లకు సర్వహక్కులతో చెందవలెను. మిషను మొరాయిస్తే తిట్టవచ్చు, తన్నకూడదు.

2. కొట్టు అద్దెది. పైకప్పు కారుతున్నా ఏనాడూ తొంగిచూడని ఇంటి ఓనరు మహాతల్లి నా నిలువుటద్దం మీద అప్పుడే కన్నేసింది. అది ఆమెకు ఎట్టి పరిస్థితిలోనూ దక్కరాదు. ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయనకు ఇస్తున్నాను.

3. ఆ నవల, నా ప్రతి, చెల్లెలికే దఖలు పరుస్తున్నాను. ఇక నీతోనే చెప్తాను, చిట్టీ. నీ పుస్తకం నచ్చిందా అంటే ఏం చెప్పను? కథంటూ ఏమీ లేదు. అందులోని చెల్లెలు పిల్ల అలుగుతుంది, కిటికీలోంచి చూస్తుంది, పెద్దదవుతుంది. విసుగొచ్చి విసిరికొట్టాను, మళ్లీ నేనే లేచి వెళ్లి తెచ్చుకున్నాను. రిబ్బను దొంగిలించి దొరికిపోయి నిలబడిన ఆ పేజీ రెండుసార్లు చదివాను. అచ్చం నువ్వే. ఎత్తుకుని ఇంటికి తెచ్చుకోవాలనిపించింది.

ఆ తర్వాతే ఒళ్లు మండింది. అక్క పోయాక ఆ పిల్ల ఎవరి సాయమూ లేకుండా చదువుకుందట, మనిషైందట! మరి నిన్ను సాకింది ఎవరే, దెయ్యమా? నేను చస్తే గాని నీ పిల్ల ఎదగదా?

కొలతలిస్తూ ఒకావిడ, "ఆ అక్క పోయినచోట ఏడుపాగలేదండీ" అంది. టేపు అప్పుడు ఆవిడ నడుం చుట్టూ ఉంది. చెయ్యి కాస్త ఎత్తమన్నాను.

4. మళ్లీ అచ్చు వేసేటప్పుడు నన్ను బతికించనక్కర్లేదు. ఆ అధ్యాయం తీసేస్తే పుస్తకం పాడైపోతుంది. అంత బాగా చంపావు, తల్లీ.

5. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నేను తమ్ముడని పిలుచుకునే మందులషాపు అబ్బాయిది. మిగతాదంతా నేను పోయాకే తెరవవలెను. ఈ కింది ఒక్క పేరా మాత్రం రేపే నకలు తీసి చెల్లెలికి అందించవలెను.

చిట్టీ, పుస్తకం వచ్చినప్పటినుంచి ఈ గడప తొక్కలేదు నువ్వు. అక్క తిడుతుందని భయమట, తమ్ముడు చెప్పాడు. తిడతాను, నిజమే. కానీ నీ నవలలో అక్క పోయేటప్పుడు చెల్లెలు మంచం పక్కనే కూర్చుని చివరిదాకా చెయ్యి వదల్లేదు. మిగతా అబద్ధాలన్నీ క్షమించాను. అదొక్కటి అబద్ధం కానివ్వకు. త్వరగా రా.

తేదీ: ఈ నెల పద్నాలుగు, బుధవారం

సంతకం: అక్క

సాక్షులు: పక్కింటి డ్రిల్లు మాస్టారు, పాలు పోసే ఆవిడ (వేలిముద్ర)