ఏడో కుప్ప ఒండ్రు

దుమ్ముగూడెం, 18 మార్చి 1988, శుక్రవారం

చర్చి వెనకాల బావి తవ్వుతున్న సమ్మయ్య, మూర మూరకీ వచ్చిన మట్టిని గట్టు మీద వరసగా కుప్పలు పెడతాడు. ఏడో కుప్ప మెత్తటి ఒండ్రు. ఎనిమిదో దాంట్లో కుండ పెంకులు. నోవహు జలప్రళయం ఇదేనన్నారు పాస్టరుగారు. కాదండీ, గోదావరి వరద అన్నాను పొద్దున. ఇరాక్‌లో పాత ఊళ్ల కింద కూడా ఇలాంటి ఒండ్రే దొరికింది, కానీ ఒక్కో ఊళ్లో ఒక్కో కాలానిది, అంతా ఒకే వరద కాదు అని కూడా చెప్పాను. ఆయన నవ్వి చర్చిలోకి వెళ్లిపోయారు.

సాయంత్రం మా బడికి కొత్తగా వచ్చిన సరళ టీచర్ అవే మాటలు చెప్పింది.

"గట్లనా టీచరమ్మా! గిట్ల నాకెవరూ చెప్పలే" అన్నారు పాస్టరుగారు, నా ఎదుటే.

పైగా ఆమె, పక్కూరి బావిలో ఒండ్రు ఎంత లోతున ఉందో చూసి రేపు ఈ కుప్పలతో పోలుస్తానంది. పన్నెండేళ్లుగా చరిత్ర చెబుతున్న నాకు ఆ ఆలోచన రాలేదు.

అందరూ వెళ్లాక కుప్పలన్నీ కాలితో కలిపేశాను. వెనక్కి తిరిగితే సమ్మయ్య.

"కాలు తగిలిందా సార్?"

"అవ్" అన్నాను.

"పోనీయుండ్రి. కుప్పలు పోతే ఏంది, బాయి గోడకు పొరలు గట్లనే ఉన్నయి గద. రేపు టీచరమ్మకు మోకు కట్టి దింపుత. జల్దీ రమ్మన్న."

ఇన్నాళ్లూ గట్టు మీద నిలబడి వాదించడమే గానీ, ఒక్కసారైనా లోపలికి తొంగి చూడలేదు నేను.

రేపు పెందలాడే లేవాలి. ఆమె రాకముందే నన్ను దింపమనాలి...