మే నెల బతుకమ్మ

మే 6
మా మహిళా సంఘాల పని చూసే మేడం ఫోన్. అందాల పోటీ అమ్మాయిలు దేశదేశాల నుంచి కోట చూడటానికి వస్తున్నారట. మా సంఘం ఆడవాళ్లు బతుకమ్మ ఆడి చూపించాలట. మే నెలలో! తంగేడు ఎక్కడ, గునుగు ఎక్కడ అని అడిగాను. పూల సంగతి ఈవెంట్ వాళ్లు చూసుకుంటారట. మా దగ్గర్నుంచి మనుషులే కావాలట — వయసులో ఉన్నవాళ్లు, చక్కగా కనబడేవాళ్లు. అంటే మాకూ పోటీయే.

మే 8
మేడం వాడకు వచ్చి సంతలో వంకాయలు ఏరినట్టు మనుషులను ఏరింది. లక్ష్మి వద్దు, పళ్లు ఎత్తట. ఎల్లవ్వ వద్దు, ముసలిదట. పాట చెప్పేదే ఎల్లవ్వ... పాట స్పీకర్లో వస్తుందట.
నా దగ్గరే ఉంటున్న మా చెల్లె సుజాత నీళ్ల బిందెతో వస్తుంటే చూసి, ఈమె తప్పకుండా కావాలంది. దాని భర్త శ్రీను పోయి ఇంకా ఏడాది నిండలేదు, అప్పటిదాకా పూలు పెట్టుకోదు, బతుకమ్మ ముట్టదు అని చెప్పాను.
"ఇది పండుగ కాదు గదమ్మా. ప్రోగ్రాం. జర సమజ్ చేస్కో."
ఒళ్లు మండింది. సంఘం లీడర్ను కదా, నవ్వి చాయ్ పోశాను.

మే 9
సుజాత రానంది. మేడం మాటే నేనూ అన్నాను — పండుగ కాదు, ప్రోగ్రామేనని. ఎన్నాళ్లు గోడకు మొహం పెట్టి కూర్చుంటావని కూడా అన్నాను. చివరికి సరేనంది.

మే 12
ఎండ. పొద్దున్నుంచి నిలబడ్డాం. పందిరి రాబోయే వాళ్లకు, మాకు ఆకాశం. బతుకమ్మను చూశాను — లోపల థర్మకోల్, పైన రంగు కొట్టిన చామంతులు. గౌరమ్మ లేదు. ఫోటోలో పసుపు ముద్ద బాగుండదన్నాడు ఈవెంట్ వాళ్లలో ఒకడు.
అందరికీ ఒకే తీరు చీర, స్టిక్కర్ బొట్టు, మల్లెపూలు. సుజాత తల వెనక్కి లాక్కుంది. మేకప్ అమ్మాయికేం తెలుసు, పెట్టేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను.
పోటీ అమ్మాయిలు బస్సులు దిగారు. భుజాల మీద పట్టీలు, వాటి మీద దేశాల పేర్లు. పాపం, వాళ్లకూ చెప్పులు కరుస్తున్నట్టున్నాయి. ఒక పొడుగాటి పిల్ల సుజాత చేతులు పట్టుకుని, చప్పట్లు నేర్పమని సైగ చేసింది. తప్పు కొట్టింది. మళ్లీ తప్పు. సుజాత నవ్వింది. శ్రీను పోయాక అది నవ్వడం ఇదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఆ పిల్ల మంచిదే.
బస్సులు కదిలాయో లేదో, బతుకమ్మలను చెత్త ట్రాక్టర్లో పడేశారు. చీరలు టెంట్ వెనక విప్పి ఇచ్చేయమన్నారు. థూ.

మే 15
ప్రోగ్రాం వీడియో అందరి ఫోన్లలో. పూలు, బొట్టు, సుజాత నవ్వు — అదొక్కటే పెద్దది చేసి చూపిస్తున్నారు. మేడం గులాబీల బొమ్మలు పంపింది.

మే 16
సుజాత అత్తగారింటి నుంచి, నెక్కొండ నుంచి, ఫోన్ లేదు. చూడలేదేమో... చూడకపోతే బాగుండు.

జూన్ 2
చూశారు. అత్త ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 10
రేపు శ్రీను సంవత్సరీకం. వాళ్లన్న రాజయ్య ఫోన్ చేశాడు. సుజాత దుకాణానికి పోయింది, నేనెత్తాను.
"ఏడాది నిండకముందే పూలు పెట్టుకొని ఎగిరె. ఊరంత జూసిండ్రు వదినె. రేపు ఆమెను తోల్కరాకు."
అది ప్రోగ్రాం అన్నాను. ఆ మాట నా నోట్లోనే రోతగా ఉంది.
"ప్రోగ్రామైతే మరి నవ్వుడేంది?"
పెట్టేశాడు. మేడంకు చేశాను, వాళ్లకు ఒక్క మాట చెప్పమని. మీటింగులో ఉందట. సాయంత్రం చేసినా మీటింగే. ఆ పోటీ మీద, ఆ మేడం మీద, ఆ రాజయ్య మీద, నా లీడర్ పని మీద — అన్నిటి మీదా అసహ్యం.

జూన్ 11
సుజాత కోడి కూయకముందే లేచింది. శ్రీనుకు ఇష్టమని సర్వపిండి చేసింది. డబ్బాలో పెట్టి, గుడ్డ కట్టి, తల దువ్వుకుని గడపలో కూర్చుంది.
"ఏ బండికి పోదామక్కా?"
రెండోసారి అడిగింది. రాజయ్య అన్న మాట నేనింకా చెప్పలేదు.