లోపు, దాకా

తమ్ముడూ,

అన్నయ్య పేరెత్తగానే ఫోన్ పెట్టేస్తున్నావు, అందుకే రాస్తున్నాను. ఆ రోజు బస్టాండులో అన్నయ్య నిన్ను మోసం చెయ్యలేదురా. తన పాత ఫోనులో తెలుగు అక్షరాలు లేవు. అందుకని "ఐ విల్ బి దేర్ బై ఫైవ్" అని ఇంగ్లీషులో పంపాడు. బై అంటే ఐదు లోపు వస్తానని. నువ్వు సరిగ్గానే చదివి, ఐదయ్యాక వెళ్లావు. కానీ తను చెప్పాలనుకున్నది అంటిల్, ఐదు దాకా ఉంటానని. వచ్చి చేరడానికి బై, ఆగి ఉండటానికి అంటిల్ అని బడిలో రోజూ చెప్పే నన్ను అన్నయ్య ఒక్క మాట అడగలేదు. మధ్యాహ్నం నుంచి అక్కడే కూర్చుని, ఐదు కాగానే ఆసుపత్రిలో చేరడానికి వెళ్లిపోయాడు.

గొంతులో గడ్డ. నీకు తానే చెబుతానని నా నోరు కట్టేశాడు. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే, "షాపు గొడవలో వాణ్ణి నానా మాటలూ అన్నాను. వాడి చెవిలో నా గొంతు ఆ తిట్లతోనే ఉండిపోతుందే చెల్లీ" అన్నాడు. ఆ గొంతుతో నేను విన్న ఆఖరి మాట అదే. ప్రాణం దక్కింది, మాట పోయింది.

నిన్న నీ సంగతి ఎత్తితే తలుపు వైపు చూశాడు. ఒక్కసారి రారా. నువ్వు మాట్లాడితే వింటాడు.

అక్క