రెండో గిన్నె ఎందుకమ్మా?

హాంగ్‌జౌ, మార్చి 3

కొనుగోళ్ల ఆఫీసు బావో మాస్టారికి నమస్కారాలు.

నేను మూడో అంతస్తు ల్యాబ్‌లో అయిదేళ్లుగా పరిశోధన చేస్తున్న చింగ్‌హను. మేం చేసే పలచటి సోలార్ పొరలో ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థం ఒకటి, పుచ్చుకునే పదార్థం ఒకటి ఉంటాయి. నా పొర ఎండలో నూటికి పద్దెనిమిది పాళ్లే కరెంటు చేసి మొండికేసింది. పుచ్చుకునే పదార్థం రెండో రకం కూడా కలిపితే గట్టెక్కుతాను. చిటికెడు చాలు, తెప్పించండి. అందరికంటే ముందు నేను ప్రచురిస్తేనే నాకు డాక్టరేటు.

ఇట్లు,
యూ చింగ్‌హ

తా.క.: మధ్యాహ్నం వచ్చాను. మీరు బల్ల మీద నిద్రపోతుంటే లేపలేదు.

మార్చి 12

చింగ్‌హకు ఆశీస్సులు.

పుచ్చుకునే పదార్థం నీకు నిరుడే ఇచ్చాం. అది పనిచేస్తుంటే రెండోది ఎందుకు? పనిచేయకపోతే తిరిగి పంపు.

బావో

తా.క.: అది నిద్ర కాదు, విశ్రాంతి. ఆఫీసు వేళల బోర్డు మీదే రాసి ఉంది.

మార్చి 14

మాస్టారూ,

పనిచేస్తోంది మహాప్రభో, చాలడం లేదు! కాంటీన్‌లో గంజి పోస్తుంటే ఒక గిన్నె పట్టగా కొంత ఒలుకుతుంది చూడండి, ఆ ఒలికేదాన్ని పట్టడానికి రెండో గిన్నె. కొన్ని రంగుల వెలుగు మొదటిదానికి అందదు, రెండోదానికి అందుతుంది. అంతే!

చింగ్‌హ

మార్చి 28

చింగ్‌హకు,

ఒలుకుతుంటే పెద్ద గిన్నె కొనాలి గానీ రెండో గిన్నె ఎందుకమ్మా? కొలతలు పంపు.

బావో

తా.క.: గంజి ఒలకబోస్తున్నందుకు కాంటీన్ వాళ్లకు మెమో ఇచ్చాను.

మార్చి 30

మాస్టారూ!

గిన్నే లేదు, గంజీ లేదు! నాకు ఒళ్లు మండిపోతోంది. పై అంతస్తు షియే ప్రొఫెసర్ బృందం కూడా ఈ పద్దెనిమిది దగ్గరే తన్నుకులాడుతోంది. వాళ్లకు తట్టేలోగా నేను చెయ్యాలి. మీ బుర్రకెక్కేలా అంతా రాస్తున్నాను, చదవండి. ఇచ్చేది పది పాళ్లు, పాత పుచ్చుకునేది పది, కొత్తది రెండే. మూడైతే చెడుతుంది. వంద డిగ్రీల మీద అయిదు నిమిషాలు వేడిచెయ్యాలి. కొత్తదాని పేరు, ఫార్ములా ఈ కాగితం వెనక ఉన్నాయి. ఇంకా ఏం కావాలి, నా జాతకమా?

చింగ్‌హ

జులై 9

చింగ్‌హకు ఆశీస్సులు.

శుభవార్త! నీకు అనుమతి వచ్చింది. ఇంత విడమరిచి ముందే రాసుంటే ఎప్పుడో అయిపోయేది. ఒకే కంపెనీ దగ్గర దొరికే సరుకు కొనాలంటే కారణాన్ని ఏడు రోజులు నోటీసు బోర్డులో పెట్టాలి, ఎవరికైనా అభ్యంతరం ఉందేమోనని. ఏప్రిల్‌లోనే నీ ఉత్తరం రెండు వైపులదీ పెద్ద అక్షరాలతో రాసి అంటించాను, మెట్ల దగ్గర, అందరికీ కనబడేలా. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. షియే ప్రొఫెసర్ పిల్లలైతే రోజూ నిలబడి రాసుకున్నారు. ఆ సరుకు వాళ్ల దగ్గర ముందే ఉందట. వాళ్ల పొరకు నూటికి పందొమ్మిదిన్నర వచ్చిందట, పోయినవారమే ప్రచురించారు.

బావో

తా.క.: వాళ్ల వ్యాసం చివర "ఇంత చక్కగా వివరించిన బావో మాస్టారికి కృతజ్ఞతలు" అని వేశారు. నీ పేరు కోసం రెండుసార్లు వెతికాను. లేదమ్మా.